పాత ప్యాటర్న్‌లు, చిన్న గౌనులు: పాఠకుల సందేహాలు – జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1950, 60ల నాటి అమెరికన్, బ్రిటిష్ ప్యాటర్న్‌లతో (కత్తిరించాల్సిన ముక్కల ఆకారాలున్న కాగితాలతో) బొమ్మలకు బట్టలు కుట్టడం గురించే వచ్చాయి. వాటిలో కొన్నిటికి జవాబులు ఇవి. ప్రత్యేకంగా చెప్పని చోట కుట్టు మార్జిన్ (కుట్టు గీతకు బయట వదిలే గుడ్డ) పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు అనుకోండి. పాత బొమ్మల ప్యాటర్న్‌లలో మామూలుగా ఉండేది అదే. పెద్దవాళ్ల ప్యాటర్న్‌లలో ఉండే 5/8 అంగుళం అలవాటుతో కుడితే గౌను బొమ్మ మెడలోకి కూడా దిగదు.

ప్రశ్న: 1960ల నాటి 11½ అంగుళాల ఫ్యాషన్ బొమ్మ ప్యాటర్న్ దొరికింది. కాగితం మీద ఉన్నట్టే కత్తిరించి మా పాప బార్బీకి గౌను కుట్టాను. నడుము దగ్గర వెనక అంచులు రెండూ కలవడం లేదు. ఛాతీ దగ్గరేమో గుడ్డ ఖాళీగా ఉబ్బుతోంది. బొమ్మ ఎత్తు సరిగ్గా 11½ అంగుళాలే. తప్పెక్కడ జరిగింది? – తెనాలి

జవాబు: మీ కుట్టులో తప్పేమీ లేదండీ. బొమ్మే మారింది. బార్బీ 1959లో న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో బయటికి వచ్చినప్పుడు ఆ బొమ్మకు ఛాతీ ఎక్కువ, నడుము బాగా సన్నం. 1990ల చివర్లో వచ్చిన శరీరానికి నడుము వెడల్పయింది, ఛాతీ తగ్గింది. 2016లో కర్వీ, టాల్, పెటీట్ అని మరో మూడు ఆకారాలు వచ్చాయి. ఇన్నిటికీ ఒకే ప్యాటర్న్ సరిపోదు. పాత కవర్ల మీద బార్బీతో పాటు టామీ, ట్రెస్సీ అనే వేరే కంపెనీల బొమ్మల పేర్లు కూడా కలిపి ముద్రించేవారు, దాన్ని నమ్మకండి. టామీ ఎత్తు 12 అంగుళాలు, నడుము మందం. 1966లో వచ్చిన ఫ్రాన్సీ అనే బొమ్మ బార్బీ కన్నా సన్నం, బార్బీ గౌను ఆమెకు వదులవుతుంది.

ముందు కొలతలు తీసుకోండి. టేపు వద్దు, ఇంత చిన్న చుట్టుకు టేపు మందమే తేడా తెచ్చేస్తుంది. 5 మిల్లీమీటర్ల వెడల్పున కాగితం పట్టీ కత్తిరించి బొమ్మకు చుట్టి, అంచు ఎక్కడ దాటిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పట్టీని స్కేలు మీద పరిచి మిల్లీమీటర్లలో చూడండి. ఛాతీ, నడుము, తుంటి, మెడ వెనక నుంచి నడుము దాకా పొడవు, బొటనవేలు కలుపుకుని అరచేయి చుట్టు, ఈ ఐదు చాలు. తర్వాత కాగితం మీద ముక్కలను కుట్టు మార్జిన్, డాట్లు (ఒంటి ఆకారం రావడానికి మొన తేలేట్టు మడిచి కుట్టే మడతలు) మినహాయించి కొలవండి. బొమ్మ ఛాతీ కొలత కన్నా గౌను 6 మిల్లీమీటర్లు వదులుండాలి. వెనక ఒక అంచు మీద మరొకటి ఎక్కడానికి ఇంకో 6 మిల్లీమీటర్లు. లైనింగ్ వేస్తే మరో 2 లేదా 3.

మీ రెండు సమస్యలకూ మందు ఒకటే, అది డాట్లలో ఉంది. ముందు భాగంలో నడుము నుంచి ఛాతీ వైపు వెళ్ళే డాట్ ఎంత లోతుగా ఉంటే నడుము అంత బిగుస్తుంది, పైన అంత గిన్నెలా ఉబ్బుతుంది. నడుము దగ్గర ఒక్కో డాట్ 6 మిల్లీమీటర్లు మింగుతుంటే దాన్ని 4కు తగ్గించి, మొనను 3 మిల్లీమీటర్లు కిందికి దించండి. రెండు డాట్లకు కలిపి నడుము 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఛాతీ దగ్గర ఉబ్బు కూడా దిగుతుంది. ఇంకా కావాలంటే పక్క కుట్లలో చూసుకోండి. ముందు భాగానికి రెండు, వెనక భాగాలకు రెండు, మొత్తం నాలుగు అంచులు. ఒక్కోదానికి నడుము దగ్గర 2 మిల్లీమీటర్లు వదిలి, చంక దగ్గరికి వచ్చేసరికి సున్నా చేస్తే 8 మిల్లీమీటర్లు వస్తాయి. మధ్య ముందు మడతను మాత్రం కదపకండి, మెడ చెడిపోతుంది. కింద కుచ్చుల పావడా అయితే నడుముతో దానంతట అదే సర్దుకుంటుంది. తిన్నటి స్కర్ట్ అయితే పైన పెంచినంతా స్కర్టు నడుముకూ పెంచాలి.

అసలు గుడ్డ కత్తిరించే ముందు వంటింట్లో వాడే పేపర్ టవల్‌తో గౌను పైభాగం (బాడీ) కత్తిరించి, చేత్తో నాలుగు టాకాలు వేసి బొమ్మకు తొడగండి. పావుగంట పని. ఎక్కడ పట్టేస్తోందో అక్కడే కాగితం చిరిగి చెబుతుంది.

ప్రశ్న: ఇక్కడ ఒక పాత సామాన్ల దుకాణంలో బొమ్మ బట్టల ప్యాటర్న్ కొన్నాను. లోపల ముక్కల మీద ఒక్క గీతా అక్షరమూ లేవు. పల్చటి కాగితానికి చిల్లులు మాత్రం ఉన్నాయి. వివరాల కాగితం లేదు. వాడొచ్చా? – డాలస్

జవాబు: నిక్షేపంగా వాడొచ్చు. అచ్చు వేయని ప్యాటర్న్ అంటే అదే. మెక్‌కాల్స్ కంపెనీ 1920లలోనే ముక్కల మీద గీతలు అచ్చు వేయడం మొదలుపెట్టింది. మిగతావాళ్లలో చాలామంది 1940, 50ల దాకా చిల్లుల పద్ధతిలోనే ఉన్నారు. ఏ చిల్లుకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది, ఆ పట్టిక వివరాల కాగితంలోనే ఉండేది. అది పోయినా ముక్క ఆకారమే చాలావరకు చెబుతుంది.

పొడవాటి అంచుకు సమాంతరంగా, దూరదూరంగా ఒకే వరుసలో చిల్లులు ఉంటే అది నిలువు పోగు గుర్తు. గుడ్డ నిలువు పోగు ఆ వరుస వెంటే పోవాలి. రెండు వరుసలు ఒక మొన దగ్గర కలుస్తుంటే డాట్. ఏ వంపూ లేని, స్కేలు పెట్టి గీసినట్టున్న అంచు వెంబడి చిల్లులుంటే అది మడత మీద పెట్టాల్సిన అంచు, సాధారణంగా ముందు భాగం మధ్య. అంచులో కోసిన చిన్న గాటు పక్క ముక్కలోని గాటుతో కలవాలి. గాట్లు సరిపోని రెండు అంచులను పొరపాటున కూడా కలిపి కుట్టకండి. చేతి ముక్కను తిరగేసి పెట్టేశామని తెలిసేది ఆ గాట్ల వల్లే.

ఈ ముక్కలకు బయట అదనపు కాగితం ఉండదు. కాగితం అంచే కత్తెర అంచు. మార్జిన్ లోపలే ఉంటుంది. అనుమానం ఉంటే పక్క పక్క ముక్కల భుజాలను 12 మిల్లీమీటర్లు (రెండు మార్జిన్లూ కలిపి) ఒకదాని మీద ఒకటి ఎక్కించి చూడండి. మెడ వంపు తెగకుండా సాగితే మార్జిన్ ఉన్నట్టే.

అసలు కాగితానికి గుండుసూది గుచ్చకండి. ముడతలు పోవాలంటే ఆవిరి లేకుండా, అన్నిటికన్నా తక్కువ వేడిలో ఇస్త్రీ పెట్టి, పైన బటర్ పేపర్ పరిచి గీసుకోండి. చిల్లులతో సహా గీయాలి. చిరిగిన చోట సెల్లోటేపు వేయొద్దు, కొన్నేళ్లకు పసుపు తిరిగి జిగురు కారుతుంది, పక్క ముక్కకు అంటుకుంటుంది. వెనక గమ్ కాన్వాస్ అతికించేవాళ్లు ఉన్నారు. కాగితం గట్టిపడే మాట నిజమే కానీ మళ్ళీ ఊడదు, పాత మడతల్లో కవర్లోకీ పోదు. కవరు మీద కంపెనీ చిరునామాలో జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆ కవరు 1963 తర్వాతిది, ఎందుకంటే ఆ కోడ్ మొదలైందే ఆ ఏడాది జులైలో.

ప్రశ్న: స్కాన్ చేసిన పాత ప్యాటర్న్‌ను ఏ4 కాగితం మీద ప్రింట్ తీసుకుని కుట్టాను. వెనక సుమారు 4 మిల్లీమీటర్లు తక్కువొచ్చింది. కాగితం మీదున్న ఒక అంగుళం గడి కొలిస్తే బాగానే ఉంది! అలాగే 15 అంగుళాల బొమ్మ ప్యాటర్న్‌ను 18 అంగుళాల బొమ్మకు పెంచడం ఎలా? – వరంగల్

జవాబు: అమెరికాలో వాడే లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, మన ఏ4 210. ప్రింటర్‌లో ‘పేజీకి సరిపెట్టు’ అనేది ఆన్‌లో ఉంటే ప్యాటర్నంతా 97 శాతానికి, అంచుల ఖాళీ కూడా కలిస్తే ఇంకా కిందికి, కుంచించుకుపోతుంది. అంగుళం గడిలో ఆ తేడా ముక్కాలు మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. ఛాతీ చుట్టు 135 మిల్లీమీటర్లున్న గౌనులో అదే 4 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే మీకు తగ్గినంతే. ‘అసలు సైజు’ లేదా 100 శాతం పెట్టి ప్రింట్ తీయండి, 4 అంగుళాల గీతను కొలవండి. 101 నుంచి 102 మిల్లీమీటర్లు రావాలి. 99 కనిపిస్తే ఆ కాగితం పక్కన పడేయండి. మీరే స్కాన్ చేస్తుంటే పక్కనే ఒక స్కేలు పెట్టి చేయండి.

ఇక పెంచడం. 18ని 15తో భాగిస్తే 120 శాతం, కానీ అది ఎత్తుకు మాత్రమే. ముందు రెండు బొమ్మల ఛాతీ కొలతలు చూడండి. ఒకదానిది 9½, రెండోదానిది 11¼ అంగుళాలు అనుకుందాం, 118 శాతం వస్తుంది. ఇంత దగ్గరగా ఉంటే ఛాతీ శాతమే తీసుకుని పొడవు విడిగా సర్దుకోండి. ఛాతీకి 130, ఎత్తుకు 120 లాంటి లెక్క తేలితే ఆ ప్యాటర్న్‌ను వదిలేయడమే మేలు, సర్దేలోపు కొత్తది గీసుకోవచ్చు. అందరూ మరిచిపోయేది మార్జిన్. కాపీ తీసే ముందే 6 మిల్లీమీటర్ల మార్జిన్‌ను కత్తిరించి తీసేయాలి, పెంచిన తర్వాత మళ్ళీ 6 గీసుకోవాలి. లేకపోతే 118 శాతంలో అదీ 7 దాటుతుంది. మీరు అలవాటుగా 6కే కుడితే ప్రతి అంచులో మిల్లీమీటరు చొప్పున గౌను వదులవుతుంది.

ప్రశ్న: బొమ్మ గౌనుకు ఏ గుడ్డ మంచిది? ఇంట్లో పట్టుచీరల ముక్కలు చాలా ఉన్నాయి. – అనకాపల్లి

జవాబు: 11½ అంగుళాల బొమ్మ మనిషిలో ఆరో వంతు. గుడ్డ మందం మాత్రం ఆరో వంతుకు తగ్గదు కదా. మన ఒంటి మీద మామూలు పాప్లిన్ అనిపించేది బొమ్మ మీద రగ్గులా నిలబడుతుంది. జాకెట్లకు కొనే టు బై టు రూబియా, మల్ గుడ్డ, పల్చటి కేంబ్రిక్ చక్కగా పడతాయి. పాత ప్యాటర్న్‌లలో లాన్, బాటిస్ట్ అని ఉన్న చోట రూబియా వేసుకోవచ్చు. ప్రింట్ కూడా అంతే. 6 మిల్లీమీటర్ల చుక్క బొమ్మ మీద మన లెక్కలో 36 మిల్లీమీటర్ల చుక్క. పెసరగింజ కన్నా చిన్న పువ్వు వెతకండి.

పట్టుచీర ఒంటి భాగం పనికొస్తుంది, కానీ పోగులు ఊడిపోతాయి. కత్తిరించే ముందే గీత వెంబడి నీళ్ళు కలిపిన ఫ్యాబ్రిక్ గమ్ సన్నగా రాసి ఆరనివ్వండి. జరీ అంచును డాట్లలోకి, చంకలోకి రానివ్వొద్దు. మడత దగ్గర విరిగి గుచ్చుకుంటుంది, బొమ్మను గీకుతుంది. పావడా కింద అంచుగా మాత్రం దానికి సాటి లేదు.

గుడ్డ ఎంత కావాలో చూసేటప్పుడు పన్నా గమనించండి. పాత కవర్లలో 35, 36 అంగుళాల పన్నాకు లెక్కలుంటాయి, మీ గుడ్డ పన్నా వేరైతే లెక్క మారుతుంది.

ప్రశ్న: వాయిల్ గుడ్డ కుట్టడం మొదలుపెట్టగానే మిషను కిందికి మింగేస్తోంది. కొత్త జిగ్‌జాగ్ మిషను. – రాజమహేంద్రవరం

జవాబు: జిగ్‌జాగ్ మిషనుకు సూది అటూ ఇటూ కదలాలి కాబట్టి ప్లేటులో చిల్లు అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. పల్చటి గుడ్డ మూలను సూది ఆ చిల్లులోకి తోసేస్తుంది. తిన్నటి కుట్టు ప్లేటు విడిగా దొరికితే మార్చండి. ఇంట్లో పాత నల్ల మిషను ఉంటే ఇంకా మంచిది, దాని ప్లేటులో చిల్లు గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. ఈ పనికి కొత్త మిషను కన్నా అదే నయం.

సూది 9 లేదా 11 నంబరు. కుట్టు పొడవు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, పాత మిషను లెక్కలో అంగుళానికి 13 నుంచి 17 కుట్లు. ఇంకా దగ్గర చేస్తే వాయిల్ తపాలా బిళ్ళ అంచులా చిరుగుతుంది. మొదట చిన్న గుడ్డ ముక్క మీద కుట్టు మొదలుపెట్టి, దారం తెంపకుండా అసలు ముక్క మీదికి ఎక్కించండి. పైదారం, కిందిదారం రెండూ వెనక్కి పట్టుకోండి. అప్పటికీ లాగితే కింద పల్చటి కాగితం వేసి కుట్టి తర్వాత చింపేయండి.

అన్నిటికన్నా ముందు గంజి. కత్తిరించక ముందే గుడ్డకు పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే వాయిల్ కాగితంలా కత్తెరకు లొంగుతుంది, పోగులు ఊడవు, వంపులు సాగవు. గౌను పూర్తయ్యాక మాత్రం ఉతికేయాలి. గంజి ఉన్న బట్టను బీరువాలో పెడితే పురుగు పడుతుంది.

ప్రశ్న: పాత కాగితంలో మొదట పక్క కుట్లు వేసి, ఆ తర్వాత బుట్ట చేతులు ఎక్కించమని ఉంది. ఆ చంక రంధ్రంలో నా చిటికెన వేలు కూడా పట్టడం లేదు. మిషను పాదం ఎలా దూరుతుంది? – నెల్లూరు

జవాబు: దూరదు. పెద్దవాళ్ల గౌను పద్ధతినే బొమ్మకూ రాసేశారు. మీరు వరుస మార్చండి.

భుజాలు కలిపి, మెడ పని ముగించి, బాడీని బల్ల మీద పరచండి. పక్క కుట్లు ఇంకా వేయకూడదు. చేతి ముక్క కింది అంచును ఇప్పుడే, చదునుగా ఉండగానే మడిచి హెమ్మింగ్ చేయండి. లేసు ఉంటే అదీ ఇప్పుడే. చేతి పైవంపులో ఒక గాటు నుంచి మరో గాటు దాకా, అంచుకు 3 మిల్లీమీటర్ల దూరంలో ఒకటి, 5 మిల్లీమీటర్ల దూరంలో ఒకటి, చేత్తో రెండు వరుసల టాకాలు. ఒక్కో టాకా 2 మిల్లీమీటర్లకు మించొద్దు. ఒక్క వరుసతో సరిపెడితే కుచ్చు ఒకచోట కుప్పపడుతుంది. రెండు దారాలూ కలిపి లాగి, చేతి నడిమి గుర్తును భుజం కుట్టు మీద పెట్టండి. గాట్లు కలిపి, కుచ్చును ఎక్కువగా భుజం వైపు తోసి, చంక వైపు దాదాపు లేకుండా సర్దండి. గుండుసూదులు ఇక్కడ అడ్డం, రంగు దారంతో టాకా వేసుకోండి.

కుచ్చున్న ముక్క పైన ఉండేట్టు పెట్టి 6 మిల్లీమీటర్ల దగ్గర కుట్టండి. పైన ఉంటే మడత కిందికి పోతున్నప్పుడు కనిపిస్తుంది, సూది మొనతో సరిచేయొచ్చు. వంపు దగ్గర పెడల్ వదిలేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. తర్వాత మార్జిన్‌లోనే, మొదటి కుట్టుకు 2 మిల్లీమీటర్లు బయటగా ఇంకో కుట్టు వేసి, దాని పక్కనే మిగతా గుడ్డ కత్తిరించేయండి. రెండో కుట్టు లేకుండా కత్తిరిస్తే నాలుగుసార్లు తొడిగేసరికి చంక ఊడుతుంది.

ఇప్పుడు ముంజేతి అంచు నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే కుట్టు. చంక మూల దగ్గర ఒక సెంటీమీటరు మేర కుట్టు పొడవును 1.5కు దించి, అక్కడ మార్జిన్‌లో కుట్టుకు మిల్లీమీటరు దూరం దాకా ఒక గాటు పెట్టండి. ఆ గాటు లేకపోతే చేయి పైకి లేచి బొమ్మ ‘చేతులెత్తేసినట్టు’ కనిపిస్తుంది. గాటు కుట్టును తాకితే మాత్రం చిల్లు పడుతుంది, బాగుచేయలేం.

ముంజేతి చుట్టు బొమ్మ అరచేయి కన్నా కనీసం 4 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. తొడిగేటప్పుడు వేళ్ళు లైనింగ్‌కు తగులుకుంటే అరచేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి దూర్చండి.

ప్రశ్న: వెనక వెల్‌క్రో వేయాలా, టిచ్ బటన్లా? – మచిలీపట్నం

జవాబు: చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మకు వెల్‌క్రో. దాచుకునే బొమ్మకు టిచ్ బటన్లు, దొరికిన వాటిలో అన్నిటికన్నా చిన్నవి. వెల్‌క్రో ముళ్ల వైపు బొమ్మ జుట్టును పీకుతుంది, పల్చటి గుడ్డ పోగులు లాగుతుంది. వేస్తే మెత్తటి వైపు ఒంటికి తగిలేట్టు, 5 మిల్లీమీటర్ల వెడల్పుకు కత్తిరించి వేయండి. టిచ్ బటన్ల లోహం వినైల్‌కు (బొమ్మ ఒంటి మెత్తటి ప్లాస్టిక్‌కు) నేరుగా తగలకుండా వెనక పట్టీ ఉండాలి. లోహం తగిలిన చోట వినైల్ ఆకుపచ్చగా మారడం పాత బార్బీల చెవుల దగ్గర, కమ్మల వల్ల, తరచూ కనిపించేదే.

ప్రశ్న: ఎర్ర రూబియా గౌను నెల రోజులు తొడిగి ఉంచితే బొమ్మ కాళ్ళు గులాబీ రంగుకు మారాయి. సబ్బుతో పోలేదు. – హైదరాబాద్

జవాబు: వినైల్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం గుడ్డ రంగును లోపలికి లాక్కుంటుంది. తడి అక్కర్లేదు, ఎండాకాలం వేడి చాలు. రంగు లోపలికి పోయింది కాబట్టి పైన రుద్దితే రాదు.

మందుల షాపులో మొటిమలకు అమ్మే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పనిచేస్తుంది. ముందు అరికాలి మీద కొంచెం రాసి ఒకరోజు చూడండి. తర్వాత మరక మీద మాత్రమే రాసి, ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ చుట్టి, కిటికీ వెలుగులో పెట్టండి. రోజూ కడిగి చూసి మళ్ళీ రాయండి. కొన్ని రోజులు పడుతుంది. మరక పోయిన వెంటనే ఆపాలి, లేదంటే చుట్టుపక్కల కన్నా ఆ చోటు తెల్లబడుతుంది. ముఖం మీది రంగులకు, జుట్టుకు, గౌనుకు తగలనివ్వొద్దు, అన్నిటినీ వెలవెలబోయేట్టు చేస్తుంది.

ఇకమీదట ఎరుపు, నలుపు, ముదురు నీలం గుడ్డలను కుట్టే ముందే ఉతకండి. తడి గుడ్డను తెల్ల చేతిరుమాలులో నొక్కితే రంగు దిగనంత వరకూ ఉతకాలి. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందన్న మాట ఈనాటి రంగులకు పనిచేయదు. బాడీకి, పావడాకు తెల్ల మల్ లైనింగ్ వేయండి. అయినా సరే, బీరువాలో పెట్టేటప్పుడు ముదురు రంగు గౌను విప్పేసి పెట్టండి.

ప్రశ్న: సంక్రాంతి కొలువులో పెట్టే తిరుపతి ఎర్రచందనం రాజా–రాణి బొమ్మలకు ఈ ప్యాటర్న్‌లు పనికొస్తాయా? – కాకినాడ

జవాబు: గౌనులు పనికిరావు. ఆ బొమ్మల చేతులు ఒంటికి అంటుకుని ఉంటాయి, గౌను చేతులు ఎక్కవు. పాత ప్యాటర్న్‌ల కట్టలో రెండే ముక్కలు మీకు కలిసొస్తాయి. ఒకటి, నడుము పట్టీకి కుచ్చుపెట్టిన పావడా. నడుము కొలతకు రెండున్నర రెట్లు గుడ్డ తీసుకుని, వెనక కుట్టకుండా వదిలేసి, పట్టీ చివర్లకు సన్న టేపు కట్టండి. రెండోది కేప్. మెడ దగ్గర ముడి వేస్తే రాజుగారి ఉత్తరీయానికి బదులు నిలుస్తుంది, చేతులతో పనిలేదు. గంజి, ఇస్త్రీ అయ్యాక గుడ్డ పూర్తిగా ఆరిన తర్వాతే కట్టండి. ఎర్రచందనం రంగు దిగే కర్ర, తడి తగిలితే తెల్ల పట్టుకు ఎరుపు అంటుకుంటుంది.